డియోడరెంట్ వల్ల చంకల్లో దురద, నలుపు వస్తున్నాయి, మానేయాలా?

డియోడరెంట్ వాడడం మొదలుపెట్టాక చంకల్లో దురద, మంట వస్తున్నాయని, చర్మం నల్లబడుతోందని, దీనివల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న మాట విని భయపడుతున్నానని మీరు రాశారు. విశాఖపట్నం ఉక్కపోతలో ఇదే బాధ నేనూ పడ్డాను కాబట్టి, నాకు వైద్యం చేసిన చర్మవ్యాధుల నిపుణురాలి వద్ద తెలుసుకున్నవి, ఆ తరువాత నాకు అనుభవంలోకి వచ్చినవి చెబుతాను.

ముందుగా, మంట పూర్తిగా తగ్గేవరకు అక్కడ ఏదీ రాయకండి. రోజూ స్నానం చేసి, మెత్తటి తువ్వాలుతో తడి అద్దుకొని, వదులైన నూలు బట్టలు వేసుకుంటే చాలు. మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే దురద ఆయింట్‌మెంట్లను మాత్రం దయచేసి వాడవద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. చంక చర్మం అసలే పలుచన, పైగా మడతలో మూసుకొని ఉంటుంది కాబట్టి ఆ మందు ఎక్కువగా ఇంకి, చర్మాన్ని మరింత పలుచన చేసి, ఎప్పటికీ మాసిపోని చారలను మిగల్చగలదు. మా బంధువుల్లో ఒకరికి అలాంటి చారలు పడడం చూశాను కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నా విషయంలో కారణం సువాసన ద్రవ్యమని ప్యాచ్ పరీక్షలో తేలింది. అనుమానం ఉన్న పదార్థాలను పట్టీలతో వీపుకు అంటించి, 48 గంటలకు తీసి చూసి, 96 గంటల ప్రాంతంలో మరొకసారి చూస్తారు. అప్పటినుంచి సువాసన కలపని రోల్-ఆన్ మాత్రమే వాడుతున్నాను. దురద మళ్లీ రాలేదు. 'అన్‌సెంటెడ్' అని రాసి ఉన్నంత మాత్రాన కొనకండి. ఇతర పదార్థాల వాసన తెలియకుండా చేయడానికి కొన్నిటిలో సువాసన ద్రవ్యాన్నే కలుపుతారు కాబట్టి, డబ్బా వెనుక ఉన్న పదార్థాల పట్టికలో 'పర్‌ఫ్యూమ్', 'ఫ్రాగ్రెన్స్' అన్నవి లేవని చూసుకోవాలి. షేవింగ్ చేసిన వెంటనే రాస్తే కంటికి కనిపించని గీతల్లోకి ఆల్కహాల్ దిగి మండుతుంది. వంటసోడా కలిపిన 'సహజ' రకాలు కూడా వాటి క్షారగుణం వల్ల కొందరికి పడవు. స్ప్రే వాడేవారు డబ్బాను కనీసం ఒక జానెడు దూరంలో పట్టుకోవాలి; అందులోని వాయువు మండే స్వభావం కలది కనుక పొయ్యి దగ్గర కొట్టకూడదు, ఎండలో నిలిపిన కారులో వదలకూడదు.

చెమటకు దానంతట అది పెద్దగా వాసన ఉండదు. చర్మంపై ఉండే బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. డియోడరెంట్ పని ఆ వాసనను అడ్డుకోవడం. యాంటీపెర్స్పిరెంట్ అల్యూమినియం లవణాలతో చెమట నాళాలను తాత్కాలికంగా మూస్తుంది. వాసన ఒక్కటే ఇబ్బంది అయితే రెండోది మీకు అవసరం లేదు. చెమట ధారగా కారుతుంటే, దాన్ని రాత్రి పడుకునే ముందు, బాగా ఆరిన చర్మంపై పలుచగా రాస్తే బాగా పనిచేస్తుంది. అల్యూమినియం భయంతో పటికకు మారేవారిని చూస్తుంటాను. పటిక కూడా అల్యూమినియం లవణమే.

క్యాన్సర్ భయం విషయానికొస్తే, వీటి వాడకానికీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉందని ఇంతవరకు జరిగిన పరిశోధనల్లో రుజువు కాలేదు. అయితే మామోగ్రామ్‌కు (రొమ్ము ఎక్స్‌రేకు) వెళ్లే రోజున మాత్రం ఏదీ రాసుకోకూడదు, ఎందుకంటే వాటిలోని అల్యూమినియం రేణువులు చిత్రంలో క్యాన్సర్ అనుమానం కలిగించే కాల్షియం చుక్కల్లా కనిపించవచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు యాంటీపెర్స్పిరెంట్ వాడే ముందు వైద్యుడిని అడగాలి.

ఇక నలుపు: దద్దురు తరువాత మిగిలిన నలుపైతే, కారణమైన వస్తువును మానేశాక నెలల మీద నెమ్మదిగా తగ్గుతుంది, కాబట్టి తెల్లబరిచే క్రీముల జోలికి వెళ్లకండి. అలా కాక చర్మం మందంగా, ముఖమల్‌లా మారి, మెడ వెనుక కూడా నల్లబడి ఉంటే అది డియోడరెంట్ వల్ల వచ్చింది కాకపోవచ్చు. ఇన్సులిన్ సరిగా పనిచేయనివారిలో ఇలా కనిపిస్తుంది కనుక ముందు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి.