ఇంజెక్షన్ లేని ఇన్సులిన్ కావాలంటోంది, ఏ కోర్సులో చేర్చాలి?

భీమవరం నుంచి ఒక తండ్రి రాసిన ప్రశ్న: "మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ర్యాంకు రాలేదు. వాళ్ల నాయనమ్మకు రోజూ ఇన్సులిన్ సూది వేసేది తనే. ప్రోటీన్ మందులను పాలిమర్ నానో కణాల్లో పెట్టి ఒంట్లోకి పంపే పరిశోధన చేస్తానంటోంది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారు నానోటెక్నాలజీలో నాలుగేళ్ల డిగ్రీ ఇస్తామంటున్నారు. అది మేలా, బీఫార్మసీ మేలా? శనివారంలోగా అడ్వాన్సు కట్టాలట. బంధువుల పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో లక్షలు తెస్తున్నారు. ఈ పిల్ల ఎప్పటికి స్థిరపడుతుంది?"

మీ చివరి వాక్యం ఇప్పటికి ఎన్ని ఉత్తరాల్లో చదివానో లెక్క లేదు. కోర్సు పేరు మారుతుంది, భయం మారదు. దాని దగ్గరికి వస్తాను. ముందు అమ్మాయి మాట ఊహ కాదని మీకు తెలియాలి.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. మింగితే పొట్ట దాన్ని పప్పులో ప్రోటీన్‌లాగే అరిగించేస్తుంది. అందుకే సూది. దాన్ని కాపాడి లోపలికి చేర్చే సంచి కావాలి, పని అయ్యాక ఆ సంచి ఒంట్లో కరిగిపోవాలి. అలాంటి సంచికి పనికొచ్చే ఒక పాలిమర్‌కు, అంటే పొడవాటి గొలుసులాంటి అణువుకు, ముడిసరుకు మీ ఊరి చుట్టూ గుట్టలుగా పడి ఉంటుంది. రొయ్యల ప్లాంట్లలో తీసేసే తలలు, తొక్కల నుంచి కైటిన్ వస్తుంది. కైటిన్‌ను గాఢమైన క్షారంలో మరిగిస్తే కైటోసాన్ అవుతుంది. ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. పీహెచ్ 6.5 కన్నా తక్కువలో కైటోసాన్‌కు ధనావేశం బాగా ఉంటుంది. సుమారు 5.4 దాటితే ఇన్సులిన్‌కు రుణావేశం వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకునేది మధ్యలో ఉన్న ఆ సన్నటి సందులోనే. పేగుల్లో పీహెచ్ అంతకు మించితే ఆ పట్టు సడలుతుంది.

ల్యాబులో అయితే పలచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగిన కైటోసాన్ తేటగా ఉంటుంది. అది మాగ్నెటిక్ స్టిరర్ మీద తిరుగుతుండగా రుణావేశం ఉన్న ట్రైపాలీఫాస్ఫేట్ అనే లవణ ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతారు. కాసేపు ఏమీ కాదు. ఆ తర్వాత బియ్యం కడిగిన నీళ్లలా లేత నీలి ఛాయతో మసకబారుతుంది. ఆ మసకే నానో కణాలు, ఒక్కోటి వెంట్రుక మందంలో కొన్ని వందల వంతు. చుక్కలు ఎక్కువ పడితే ముద్దలై అడుగుకు దిగుతాయి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇలా మళ్లీ మళ్లీ చేసే ఓపిక అమ్మాయికి ఉందా అన్నది ర్యాంకు కన్నా ముఖ్యమైన ప్రశ్న.

ఇక నా అనుమానాలు. ప్రోటీన్‌ను పట్టుకునే ధనావేశమే ఎక్కువైతే ఒంట్లోని జీవకణాల పొరలను చీలుస్తుంది. పాలీఇథిలీన్‌ఇమిన్ అనే పాలిమర్ పట్టు గొప్పది, కానీ ఒంట్లో కరగదు, జీవకణాలకు విషం. ల్యాబులో గెలిచినవన్నీ మందుల షాపుకు రావు. వచ్చినవన్నీ నిలవవు. ఒంట్లో కరిగే పాలిమర్‌లో పెట్టి నెలకోసారి ఇచ్చే లూప్రోలైడ్ అనే ప్రోస్టేట్ క్యాన్సర్ ఇంజెక్షన్‌కు 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది, నిలిచింది. దానివి నానో కణాలు కావు, అంతకన్నా చాలా పెద్దవి. అదే పద్ధతిలో 1999లో వచ్చిన గ్రోత్ హార్మోన్ మందును, తయారీ భారం మోయలేక 2004లో ఆపేశారు. 2019లో అనుమతి పొందిన సెమాగ్లుటైడ్ అనే మధుమేహం మాత్ర కూడా ప్రోటీన్ జాతి మందే. దాన్ని పొట్ట దాటించింది నానో కణం కాదు, తోడుగా కలిపిన ఒక చిన్న అణువు. కాబట్టి పదిహేడేళ్ల పిల్లను నానో అనే ఒక్క పరిమాణం పేరు మీద ఉన్న డిగ్రీకి కట్టిపడేయడం నాకు ఇష్టం లేదు. ఆ డిగ్రీలో అన్నీ కొంచెం కొంచెంగా చెబుతారు. మందును మాత్రగానో ఇంజెక్షన్‌గానో మలిచే ఫార్మా కంపెనీ ఫార్ములేషన్ విభాగం ఫార్మసీ చదివినవారిని వెతుకుతుంది. నానో ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ఎంఫార్మసీ ఫార్మాస్యూటిక్స్‌లో అది ఎలాగూ వస్తుంది. నా ఓటు బీఫార్మసీకి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అనాలి. మీ ఉత్తరంలో బంధువుల పిల్లల జీతాలున్నాయి, మీ అమ్మాయికి ఏ పాఠం ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఇంట్లో పెద్దావిడకు రోజూ సూది వేస్తూ "ఇది లేకుండా కుదరదా" అని ఆలోచించిన పిల్లను నీట్‌లో ఓడిన పిల్లగా నాకు పరిచయం చేశారు. ఆ మాట ఆమె ముందు కూడా అంటూనే ఉంటారు. దయచేసి మానండి.

స్థిరపడటం సంగతి. ఇరవై ఒకటికి బీఫార్మసీ, ఇరవై మూడుకు ఎంఫార్మసీ. అక్కడ ఆగితే ఉద్యోగం చూసుకోవచ్చు. ఎంఫార్మసీకి జీప్యాట్ అనే జాతీయ ఫార్మసీ ప్రవేశ పరీక్ష రాసి, 2007 నుంచి హైదరాబాద్‌లో ఉన్న జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌కు ప్రయత్నించవచ్చు. పీహెచ్‌డీకి వెళితే నెట్ అనే జాతీయ పరీక్షతో వచ్చే ఫెలోషిప్ మీద మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఇరవై ఎనిమిది దాకా మీ మీద ఆధారపడి కూర్చుంటుందనుకోవడం మీ భయమే, నిజం కాదు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్ బి టీకా కూడా ప్రోటీనే. ఈ పని మనకు కొత్త కాదు.

శనివారం అడ్వాన్సు కట్టకండి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో బీఫార్మసీ ఆప్షన్లు పెట్టండి. పెట్టే ముందు అమ్మాయిని వెంటబెట్టుకుని దగ్గర్లోని రెండు మూడు కాలేజీలకు వెళ్లి ఫార్మాస్యూటిక్స్ ల్యాబు చూపించమని అడగండి. పరికరాల మీద దుమ్ము ఉందా, చివరి సంవత్సరం విద్యార్థులు వాటిని నిజంగా వాడుతున్నారా గమనించండి. ప్రశ్నలు అమ్మాయిని అడగనివ్వండి.