బైపీసీ చదివితే సైన్యంలో చోటు లేదా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. సైన్యంలో చేరాలని చిన్నప్పటి నుంచి కోరిక. లెక్కలు లేవు కాబట్టి కుదరదని మా బాబాయి అంటున్నారు. నిజమేనా? అగ్నివీర్ ఒక్కటే దారా?
– ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: మీ బాబాయి ఎన్‌డీఏని, అంటే ఇంటర్ తర్వాత సైనికాధికారులుగా శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీని దృష్టిలో పెట్టుకుని అని ఉంటారు. అక్కడ కూడా వాయుసేన, నౌకాదళ విభాగాలకే ఇంటర్‌లో లెక్కలు ఉండి తీరాలి. పదాతి, శతఘ్ని దళాలుండే ఆర్మీ విభాగానికి ఏ గ్రూపైనా సరే, రెండో సంవత్సరం చదువుతూనే దరఖాస్తు చేయవచ్చు. చిక్కల్లా యూపీఎస్సీ రాతపరీక్షతోనే. అందులో మొదటి పేపరు 300 మార్కులకూ లెక్కలే. పదో తరగతితో లెక్కలకు దణ్ణం పెట్టినవారికి కలన గణితం, మాత్రికలు కొత్తగా నేర్చుకోవడం చిన్న పని కాదు.

మీ గ్రూపు వాళ్లకే ఉన్న కొలువు ఒకటుంది. సోల్జర్ టెక్నికల్ నర్సింగ్ అసిస్టెంట్. పని సైనిక ఆసుపత్రుల్లో. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషులతో ఇంటర్ పాసై, మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం రావాలి. ఇది అగ్నివీర్ కింద రాదు, నాలుగేళ్లకు ముగిసిపోదు. మీకు నేను ముందుగా చెప్పేది ఇదే. అగ్నివీర్ జనరల్ డ్యూటీకైతే పదో తరగతిలో మొత్తం 45 శాతం, సబ్జెక్టుకు 33 శాతం ఉంటే చాలు.

ఆ 'సబ్జెక్టుకు' అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. నేను ఆర్మీలో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. భర్తీ ర్యాలీల్లో కాగితాలు చూసే బల్ల దగ్గర చాలాసార్లు కూర్చున్నాను. ఒకసారి క్లర్కు పోస్టుకు ఒక కుర్రాడు వచ్చాడు. మొత్తం 74 శాతం, ముఖం వెలిగిపోతోంది. మెమో మీద వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వచ్చాను. ఇంగ్లీషు, రెండేళ్లదీ కలిపి 200కి 96. ఆ పోస్టుకు మొత్తం 60 శాతమే కాదు, ప్రతి సబ్జెక్టులోనూ 50 శాతం ఉండాలి. నాలుగు మార్కులు! "డెబ్బయి నాలుగు ఉంది కదా సార్" అని మూడుసార్లు అన్నాడు. నా వేలు ఆ 96 మీదే ఉంది. బైపీసీ పిల్లలు బోటనీ, జువాలజీలకు రాత్రింబవళ్లు కూర్చుని, ఇంగ్లీషును పరీక్ష ముందురోజుకు వదిలేస్తారు. మీరు ఆ పని చేయకండి.

ఇంకొకటి. పదో తరగతి మెమోలో మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అలాగే ఉన్నాయా? మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మన పిల్లల్లో నేను తరచూ చూసిన తంటా. మెమో మార్పించడం పెద్ద తతంగం. ఆధార్‌నే దానికి తగ్గట్టు ఈ సెలవుల్లో సరిచేయించుకోండి.