పాత ఫొటోల్లోని కామిక్ పుస్తకాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలోని ఒమాహా నగరంలో 1938 నవంబరులో జాన్ వాచన్ తీసిన పత్రికల దుకాణం ఫొటోను గత సంచికలో పరిచయం చేశాము. దాని మీద వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అలాంటి ఫొటోల గురించీ, వాటిలో కామిక్ పుస్తకాలను వెతికే సేకర్తల గురించీ ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి అక్కడి పాత వస్తువుల సంతలో ఒక నలుపు తెలుపు ఫొటో కొని పంపాడు. ఒక మూల మీది పత్రికల దుకాణం, తీగకు బట్టల క్లిప్పులతో తగిలించిన కామిక్ పుస్తకాలు, వాటిని మెడ ఎత్తి చూస్తున్న ఇద్దరు పిల్లలు అందులో ఉన్నారు. వెనక ఏమీ రాసి లేదు. అది ఏ సంవత్సరం నాటిదో తెలుసుకునే మార్గం ఉందా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: తప్పకుండా ఉంది. పుస్తకాల అట్టలు కనబడుతున్నాయంటే మీ ఫొటోలోనే పంచాంగం ఉన్నట్టు. ముందుగా ఫొటోను ఎక్కువ స్పష్టతతో స్కాన్ చేయించండి. తీగకు వరుసగా తగిలించినప్పుడు ఒక పుస్తకం మీదికి మరొకటి వస్తుంది కాబట్టి, చాలావాటికి పై భాగం మాత్రమే కనబడుతుంది. ప్రచురణకర్తలకు ఆ సంగతి బాగా తెలుసు. పేరును అట్ట పై భాగంలోనే పెద్ద అక్షరాలతో వేయడానికి అదే కారణం. మీ ఫొటోలో రంగులు లేవు కాబట్టి అక్షరాల వంపునూ, బొమ్మ ఆకారాన్నీ పోల్చి చూసుకోవాలి. గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే ఉచిత వెబ్‌సైటులో ఆ కాలపు అట్టలు సంవత్సరాల వారీగా, ప్రచురణకర్తల వారీగా దొరుకుతాయి. ఓపిక ఉంటే ఒక సాయంత్రంలో రెండు మూడు సంచికలనైనా గుర్తుపట్టవచ్చు.

అయితే అట్ట మీద ఉన్న నెలను చూసి అదే ఫొటో తీసిన నెల అనుకోకూడదు. ఆ నెల పుస్తకం వచ్చిన రోజును చెప్పదు. దుకాణదారు దానిని ఎప్పటిదాకా అమ్మకానికి ఉంచవచ్చో సూచిస్తుంది. పుస్తకం పాతబడినట్టు కనబడకూడదని రాబోయే నెల వేసే అలవాటు అది. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక మీద 1938 జూన్ అని ఉంటుంది, కానీ అది ఏప్రిల్‌లోనే దుకాణాలకు చేరింది. హిట్లర్ దవడ పగలగొడుతున్న బొమ్మతో వచ్చిన కెప్టెన్ అమెరికా మొదటి సంచిక మీద 1941 మార్చి అని ఉన్నా, అది 1940 డిసెంబరులోనే అమ్మకానికి వచ్చింది, అంటే అమెరికా యుద్ధంలోకి దిగడానికి సుమారు ఏడాది ముందు. కాబట్టి అట్ట మీది నెల నుంచి రెండు మూడు నెలలు వెనక్కి లెక్క వేసుకోవాలి.

రెండో జాగ్రత్త ఏమిటంటే, మీరు గుర్తుపట్టిన సంచికలన్నింటిలోనూ చివరగా వెలువడినదే లెక్కలోకి వస్తుంది. దుకాణంలో పాత సరుకు ఎంతకాలమైనా ఉండిపోవచ్చు, రాబోయే సరుకు మాత్రం ముందే ఉండదు కదా. పది అట్టలు 1940 నాటివై, ఒక్కటి 1942 నాటిదైతే, ఆ ఫొటో 1942కు ముందుది కాదని తేలిపోతుంది. బహుశా అది పాత పుస్తకాలు కూడా అమ్మే దుకాణం అయి ఉంటుంది.

ఒక్క అట్టా స్పష్టంగా లేకపోతే ఇతర గుర్తులు ఉన్నాయి. ధర పది సెంట్లు అని ఉంటే 1930ల నుంచి 1961 దాకా ఎప్పటిదైనా కావచ్చు. ఆ మధ్యలో కాగితం ఖర్చు పెరిగినప్పుడల్లా పేజీలు తగ్గించారే గాని ధర ముట్టుకోలేదు. పన్నెండు సెంట్లు అని ఉంటే 1961 చివరి తరువాతది. అట్ట పై మూల తపాలా బిళ్ల లాంటి చిన్న తెల్లని ముద్ర ఉంటే అది కామిక్స్ కోడ్ (పుస్తకాల్లో ఏవి ఉండకూడదో ప్రచురణకర్తలే పెట్టుకున్న నియమావళి) వారి ఆమోద ముద్ర కాబట్టి 1955 ప్రాంతం నుంచి ఇవతలిది. కానీ ముద్ర లేనంత మాత్రాన పాతదని తీర్మానించకండి. డొనాల్డ్ డక్ వంటి డిస్నీ బొమ్మల పుస్తకాలు వేసిన డెల్ సంస్థ ఆ కోడ్‌లో ఎన్నడూ చేరలేదు, కనుక వారి పుస్తకాల మీద ఆ ముద్ర ఎప్పుడూ ఉండదు. ఇక పక్కన దినపత్రికలు ఉంటే వాటి పతాక శీర్షికలు చదవండి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మరణవార్త పత్రికల నడుమ విచారంగా కూర్చున్న పత్రికల వ్యాపారి ఫొటోను, తరువాత సినిమా దర్శకుడైన స్టాన్లీ కూబ్రిక్ పదహారేళ్ల వయసులో తీశాడు. శీర్షికలు చదివిన ఎవరైనా అది 1945 ఏప్రిల్ నాటిదని చెప్పగలరు.

ప్రశ్న: అంత మంది పేరున్న ఫొటోగ్రాఫర్లు పిల్లల బొమ్మల పుస్తకాలను ఎందుకు ఫొటో తీశారు? వారికి అందులో కనిపించిన గొప్ప ఏమిటి? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: వారిలో దాదాపు ఎవరూ పుస్తకాల కోసం వెళ్లలేదమ్మా. బెరెనీస్ ఆబట్ 1935 నవంబరు 19న న్యూయార్క్‌లో మూడో అవెన్యూ, ముప్పై రెండో వీధి కూడలిలోని పత్రికల దుకాణాన్ని ఫొటో తీసినప్పుడు, ఆమె లక్ష్యం వేగంగా మారిపోతున్న నగరాన్ని నమోదు చేయడం. దుకాణాల్లో అమ్మకానికి వచ్చిన తొలి నెలవారీ కామిక్ పుస్తకంగా పేర్కొనే ఫేమస్ ఫన్నీస్ అప్పటికి మొదలై ఏడాది దాటింది, అంతే. పత్రికల్లో అప్పటికే వచ్చిన కామిక్ స్ట్రిప్‌లను కూర్చి పుస్తకంగా వేస్తే జనం పది సెంట్లు పెట్టి కొంటారా అన్న అనుమానంతో, మాక్స్‌వెల్ గెయిన్స్ అనే వ్యాపారి ఉచితంగా పంచే ప్రతుల మీద పది సెంట్ల చీటీలు అంటించి కొన్ని దుకాణాల్లో పెట్టి చూశాడనీ, సోమవారానికి అన్నీ అమ్ముడుపోయాయనీ ఒక కథ చెప్పుకుంటారు. వ్యాపారులు తమ గురించి తాము చెప్పుకునే కథల్ని ఎంతవరకు నమ్మవచ్చో అంతవరకే దీన్నీ నమ్మవచ్చు.

అమెరికా ప్రభుత్వపు ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ సంగతి వేరు. ఆర్థిక మాంద్యంలో చితికిపోయిన రైతుల స్థితిని దేశానికి చూపించడానికి రాయ్ స్ట్రైకర్ నాయకత్వంలో ఆ శాఖ ఫొటోగ్రాఫర్లను ఊరూరా పంపింది. పొలాలూ గుడిసెలతో పాటు చిన్న పట్టణాల ప్రధాన వీధులూ, మంగలి దుకాణాలూ, పత్రికల దుకాణాలూ కూడా తీయమని స్ట్రైకర్ చెప్పేవాడు. మేము పరిచయం చేసిన ఫొటో తీసిన జాన్ వాచన్ ఆ కార్యాలయంలో మొదట కాగితాలు మోసే సహాయకుడు, ఫొటోల వెనక వివరాలు రాసి భద్రపరిచే గుమాస్తా. ఆ పని చేస్తూ చేస్తూ ఫొటోగ్రఫీ నేర్చుకున్నాడు. ఒంటరిగా బయలుదేరిన తొలి పెద్ద పర్యటనలో ఒమాహా వెళ్లాడు. అప్పటికి సూపర్‌మ్యాన్ పుట్టి ఏడు నెలలు. మొదటి సంచిక అట్ట మీద కనిపించిన ఆ వీరుడు మళ్లీ అట్ట మీదికి రావడానికి ఏడో సంచిక దాకా, అంటే సరిగ్గా ఆ శరదృతువు దాకా పట్టింది. పిల్లలు దుకాణానికి వచ్చి పుస్తకం పేరు చెప్పకుండా ‘సూపర్‌మ్యాన్ ఉన్నది ఇవ్వండి’ అని అడుగుతున్నారని తెలిశాకే ప్రచురణకర్తలకు ఆ బొమ్మ విలువ అర్థమైందని చెబుతారు. 1938 చివరి నెలల ఫొటోలంటే సేకర్తలు పడి చచ్చేది ఇందుకే.

ఆ సంస్థ ఫొటోలలో కొన్నింటి మధ్యలో నల్లని గుండ్రటి మచ్చ కనబడుతుంది. అది కాలం చేసిన పాడు కాదు. తనకు నచ్చని నెగెటివ్‌లను స్ట్రైకర్ రంధ్రాలు వేసే పరికరంతో పొడిచేసేవాడు. మొదటి కొన్నేళ్లు ఈ అలవాటు సాగింది, ఫొటోగ్రాఫర్లు మొత్తుకున్న తరువాత ఆగింది. ఫొటో తీసినవాడి కష్టం అలా ఉంచితే, ఆ రంధ్రాల్లో ఎన్ని అట్టలు పోయాయో అని సేకర్తలు బాధపడతారు.

ప్రశ్న: ఆ ప్రభుత్వ ఫొటోలను మా పాఠశాల ప్రదర్శనలో పెట్టుకోవడానికి అనుమతి కావాలా? (ఒక ఉపాధ్యాయుడు, నిజామాబాద్)

జవాబు: ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ ఉద్యోగులు తీసిన ఫొటోల మీద కాపీరైటు లేదు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో సుమారు 1,75,000 నలుపు తెలుపు నెగెటివ్‌ల సంగ్రహం ఉంది. పెద్ద సైజు ప్రతులను ఉచితంగా దించుకోవచ్చు. ఫొటోగ్రాఫర్ పేరు, సంస్థ పేరు కింద వేయడం మర్యాద. కూబ్రిక్ ఫొటోలకు గాని, 1947లో కామిక్స్ చదువుకుంటున్న న్యూయార్క్ పిల్లలను తీసిన రూత్ ఆర్కిన్ ఫొటోలకు గాని ఈ మాట వర్తించదు.

ప్రశ్న: అప్పట్లో లక్షల కొద్దీ అచ్చయిన పుస్తకాలు ఇప్పుడు దొరక్కపోవడం, దొరికితే కోట్లు పలకడం నమ్మశక్యంగా లేదు. ఇది వ్యాపారుల ప్రచారమేనా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ప్రచారం కొంత ఉంటుంది గాని కొరత నిజమే. యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక సుమారు రెండు లక్షల ప్రతులు అచ్చయింది. నేడు మిగిలినవి వంద ప్రాంతంలో ఉంటాయని అంచనా. వాటిలో ఒకటి 2014లో 32 లక్షల డాలర్లకు, మరొకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన సీగెల్, షుస్టర్ అనే ఇద్దరు యువకులకు మొత్తం హక్కులకు ముట్టినది 130 డాలర్లు.

మిగతా ప్రతులు ఏమయ్యాయన్నదానికి సమాధానం మళ్లీ ఆ ఫొటోల్లోని దుకాణంలోనే మొదలవుతుంది. అమ్ముడుపోని పుస్తకాన్ని దుకాణదారు తిరిగి ఇవ్వవచ్చు. బరువు మోయడం ఎందుకని అట్టనో, పేరు ఉన్న పై ముక్కనో చింపి పంపితే డబ్బు జమ అయ్యేది, మిగతాది చెత్తకు పోయేది. ఏది ఎప్పుడు వెనక్కి పంపాలో తెలియడానికి పుస్తకం వచ్చిన రోజును అట్ట మీద పెన్సిలుతోనో రబ్బరు ముద్రతోనో వేసేవారు. ఒకప్పుడు మరకగా తోచిన ఆ అంకెను నేటి సేకర్త మురిపెంగా చూసుకుంటాడు. పైన చెప్పిన రెండు మూడు నెలల తేడాకు అంతకంటే గట్టి రుజువు లేదు కదా.

అమ్ముడుపోయినవి పిల్లల చేతుల్లో నలిగాయి. యుద్ధకాలంలో బడి పిల్లలే ఇంటింటికీ తిరిగి పాత కాగితం పోగుచేశారు. అందులో కామిక్స్ టన్నుల కొద్దీ కరిగిపోయాయి. యుద్ధం ముగిశాక, ఈ పుస్తకాలు పిల్లల్ని చెడగొడుతున్నాయన్న ఆందోళన లేచింది. 1948లో వెస్ట్ వర్జీనియాలోని స్పెన్సర్‌లోనూ, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లోనూ పిల్లల చేతనే వాటిని కుప్పపోయించి తగలబెట్టించారు. 1954లో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్తమ్ పుస్తకం, సెనేట్ ఉపసంఘం విచారణ వచ్చాయి. ఇందాక చెప్పిన తెల్లని ముద్ర వాటి ఫలితమే. సేకర్తలలో కొందరు దుకాణం ఫొటోల పక్కనే ఈ మంటల ఫొటోలను కూడా పెట్టుకుంటారు. అది నాకు సరైన పద్ధతిగానే తోస్తుంది.

బతికి బయటపడ్డవాటికి ఎడ్గార్ చర్చ్ సంగ్రహమే గొప్ప ఉదాహరణ. కొలరాడోలో వాణిజ్య చిత్రకారుడిగా పనిచేసిన ఆయన, దుకాణానికి వచ్చినవి వచ్చినట్టు కొని, ఇంట్లో దొంతరలుగా పేర్చి ఉంచాడు. 1977లో చక్ రొజాన్స్కీ అనే వ్యాపారి వాటిని కొన్నప్పుడు పద్దెనిమిది వేలకు పైగా పుస్తకాలు, చాలావరకు నిన్ననే కొన్నంత తెల్లగా ఉన్నాయి. ఆ ఎత్తైన ప్రాంతపు పొడిగాలీ, ఒకదాని మీద ఒకటి బిగుతుగా పేర్చిన తీరూ వాటిని కాపాడాయి. వాటిలో అనేకం అట్టల మీద దుకాణం పెన్సిలు గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో ‘అసలైన 1940ల ఫొటో’ అని అమ్ముతున్నారు. కొనవచ్చా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: ముందు వెనక వైపు ఫొటో పంపమని అడగండి. మూతపడిన దినపత్రికల సంగ్రహాల నుంచి వచ్చిన ప్రతులకు వెనక వివరాల చీటీ, తేదీ ముద్రలు ఉంటాయి. ఆ తేదీ చాలాసార్లు పత్రికలో వాడిన రోజు మాత్రమే, తీసిన రోజు కాకపోవచ్చు. రెండు మూడు ముద్రలుంటే పాతదాన్ని చూడండి. చేతికి వచ్చాక, మన బ్యాంకుల్లో దొంగనోట్లు పట్టే అతినీలలోహిత దీపం కింద పెట్టండి. ఫొటో కాగితం తెల్లగా కనబడడానికి కలిపే రసాయనాలు 1950ల మధ్య నుంచే వాడుకలోకి వచ్చాయి. ‘1940 నాటి’ ప్రతి నీలంగా మెరిసిపోతే అది తరువాత అచ్చువేసినదే. మెరవనంత మాత్రాన అసలైనదని చెప్పలేము. కంప్యూటరు చేత గీయించిన బొమ్మలైతే, అట్టల మీది అక్షరాలను పెద్దవి చేసి చదివే ప్రయత్నం చేయండి. మొదటి పేరు దగ్గరే దొరికిపోతాయి.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో తెనాలి రైల్వే స్టేషన్ పుస్తకాల స్టాలు ఫొటో ఉంది. అందులో చందమామలు కనబడుతున్నాయి. ఇదే పద్ధతి దానికీ పనికొస్తుందా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: పనికొస్తుంది. చందమామ 1947 జులైలో మొదలైంది కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదని ఇప్పుడే చెప్పవచ్చు. అట్ట నిండా రంగుల చిత్రం ఉంటుంది కనుక, ఆ చిత్రాన్ని పాత సంచికల అట్టలతో పోల్చితే నెల తేలుతుంది. స్టాలులో పక్కన ఉన్న వారపత్రికలను వదిలేయకండి. నెలపత్రిక కంటే అవి తేదీకి మరింత దగ్గరగా తీసుకువెళ్తాయి. ఫొటోను ఆల్బమ్ నుంచి పీకవద్దు, జిగురుతో వెనక రాత పోతుంది. ఉన్నచోటే స్కాన్ చేసి, వెనక వైపు కూడా కనబడితే దానితో సహా మాకు పంపండి.