సోలార్ విమానంలో జయపురం నుంచి వైజాగ్ వెళ్లగలమా?

తమ్ముడూ, ఇద్దరు కూర్చునే చిన్న విమానం రెక్కల మీద సోలార్ ప్యానెళ్లు పరిస్తే పెట్రోలు లేకుండా ఒడిశాలోని మన జయపురం నుంచి వైజాగ్ వెళ్లొచ్చా అని అడిగావు. రెక్కల మీద పడే ఎండ ఒక్కదానితో అయితే వెళ్లలేం.

నేను రాయగడ, గుణుపురం వైపు పొలాల్లో సోలార్ పంపులు బిగిస్తాను. ఐదు హెచ్‌పీ మోటారుకి 540 వాట్ల ప్యానెళ్లు తొమ్మిది పెడతాం. ఒక్కోటి 28 కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు పట్టాల్సిందే. మొత్తం 23 చదరపు మీటర్లు, 250 కిలోలు. ఇంత చేస్తే తిరిగేది ఐదు హెచ్‌పీ. ఇద్దరితో ఎగిరే 600 కిలోల విమానం గాల్లో నిలకడగా సాగడానికే 20 కిలోవాట్లు, అంటే పాతిక హెచ్‌పీ పైనే కావాలి. టేకాఫ్‌కి అంతకు రెండు మూడు రెట్లు. దాని రెక్కలేమో పది చదరపు మీటర్లే.

గాజు, ఫ్రేము తీసేసి పల్చటి సెల్స్ అతికిస్తే బరువు తగ్గుతుంది, నిజమే. కానీ మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకి పడే ఎండే దాదాపు 1000 వాట్లు. మంచి సెల్ అందులో 22-24 శాతాన్ని కరెంటు చేస్తుంది. పది చదరపు మీటర్లకి వచ్చేది రెండుంపావు కిలోవాట్లు. రేపు నూటికి నూరు శాతం పట్టే సెల్ వచ్చినా పది కిలోవాట్లే, అవసరంలో సగం. అందుకే "సెల్స్ బాగుపడితే అయిపోతుంది" అనే మాట నేను ఒప్పుకోను. రెక్క చాలదు, అంతే.

సోలార్ ఇంపల్స్ 2 అనే సోలార్ విమానం ప్రపంచం చుట్టింది కదా అంటావు. 2015 మార్చిలో అబుదాబిలో బయల్దేరి, మన అహ్మదాబాద్, వారణాసిలో కూడా ఆగి, 2016 జూలైలో తిరిగి చేరింది. జపాన్ నుంచి హవాయికి దాదాపు 118 గంటలు ఒకే పైలట్ ఆపకుండా నడిపాడంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ దాని రెక్క 72 మీటర్లు, సెల్స్ 17,248, ఎక్కేది ఒక్కరు. ఆ హవాయి ప్రయాణంలోనే బ్యాటరీలు వేడెక్కి పాడై, నెలల తరబడి అక్కడే ఉండిపోయింది.

మనలాంటి చోటుకి పనికొచ్చేది వేరే దారి: ప్యానెళ్లు నేల మీద, బ్యాటరీ విమానంలో. 2020లో యూరప్‌లో అనుమతి పొందిన పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో అనే బ్యాటరీ విమానం ఇద్దరితో సుమారు 50 నిమిషాలు ఎగురుతుంది, బ్యాటరీ 25 యూనిట్లకి కాస్త తక్కువ. ఒక కిలోవాట్ ప్యానెళ్లకి రోజుకి సగటున నాలుగు యూనిట్లొస్తాయి. షెడ్డు కప్పు మీద ఏడెనిమిది కిలోవాట్లు వేస్తే రోజుకో ఫుల్ చార్జి! పైలట్ ట్రైనింగ్‌కి అది బంగారం. వైజాగ్ గాలిదారిన 145 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మధ్యలో కనుమలు, కాబట్టి అంత దూరానికి ఇంకా చాలదు. శ్రావణంలో మబ్బు పట్టిన రోజుల్లో మా పంపులే నీళ్లు సరిగ్గా ఎత్తవు, అదీ లెక్కలోకి తీసుకో.

కాలేజీ ప్రాజెక్టుకైతే మనిషి ఎక్కని మోడల్ ఎంచుకో. బరువు తగ్గేకొద్దీ లెక్క కుదురుతుంది. 75 కిలోల జెఫైర్ అనే సోలార్ డ్రోన్ 2022లో 64 రోజులు దిగకుండా ఎగిరింది. పొడవైన సన్నటి రెక్కతో గ్లైడర్ కట్టు, ముందు బ్యాటరీతోనే ఎగరేసి మోటారు ఎన్ని వాట్లు తాగుతోందో కొలువు. సెల్స్ ఆ తర్వాతే కొను.