వచ్చేవాళ్ల లెక్క, ఉన్నవాళ్ల లెక్క

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం వలసల మీదే. కొన్ని కోపంగా, కొన్ని భయంగా, రెండు మూడు నన్నే తిడుతూ. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరి పేర్లూ తీసేశాను.

ప్రశ్న: ఒక దేశానికి బయటి నుంచి లక్ష మంది వచ్చి లక్ష ఉద్యోగాల్లో చేరితే అక్కడివాళ్లకు లక్ష ఉద్యోగాలు పోయినట్టే కదా? దీనికి ఆర్థికశాస్త్రం ఎందుకండీ, కూడికలు తీసివేతలు చాలు.

జవాబు: కూడికలు తీసివేతలే చేద్దాం, కానీ సగంలో ఆపొద్దు. ఉద్యోగాలు బస్సులో సీట్లు కావు, ఒకరు కూర్చుంటే ఇంకొకరు నిలబడాల్సిందే అనడానికి. వచ్చినవాడు పొద్దున పనికి వెళ్తాడు, సాయంత్రం అదే ఊళ్లో ఖర్చు పెడతాడు, గది అద్దెకు తీసుకుంటాడు, జుట్టు కత్తిరించుకుంటాడు, పిల్లల్ని బడిలో వేస్తాడు. అతని ఖర్చు ఇంకొకరికి జీతం. ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉద్యోగాల్లోకి వచ్చిన దేశాల్లో మగవాళ్ల ఉద్యోగాలు సగానికి పడిపోయాయా? లేదు కదా.

దీనికి చరిత్రలో ఒక పరీక్ష దానంతటదే జరిగింది. 1980 ఏప్రిల్‌లో క్యూబా ప్రభుత్వం మేరియల్ అనే రేవు తెరిచి, పోయేవాళ్లు పోవచ్చంది. అక్టోబర్ లోపు దాదాపు 1,25,000 మంది పడవల్లో అమెరికా చేరారు, వాళ్లలో చాలామంది మయామీలోనే ఉండిపోయారు. కొన్ని నెలల్లోనే ఆ ఊళ్లో పనిచేసేవాళ్ల సంఖ్య 7 శాతం పెరిగింది. ఎవరూ ప్లాన్ చేసింది కాదు, మయామీలో ఉద్యోగాలు బాగున్నాయని వచ్చిందీ కాదు, అందుకే ఆర్థికవేత్తలకు ఈ సంఘటన అంటే అంత ఇష్టం. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త 1990లో మయామీ జీతాల్ని అట్లాంటా, హ్యూస్టన్ లాంటి ఊళ్లతో పోల్చి చూస్తే, స్థానికుల జీతాల మీద గానీ నిరుద్యోగం మీద గానీ చెప్పుకోదగ్గ ప్రభావం కనపడలేదు. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కథ అక్కడ అయిపోలేదు. జార్జ్ బోర్హాస్ అనే ఇంకో ఆర్థికవేత్త (ఈయన కూడా చిన్నప్పుడు క్యూబా నుంచి వచ్చినవాడే) అవే లెక్కలు మళ్లీ తిరగేసి, హైస్కూలు కూడా పూర్తిచేయని మగవాళ్లను విడిగా తీసి చూస్తే వాళ్ల జీతాలు బాగా పడిపోయాయి అన్నాడు. మీరు చూసిన గుంపు మరీ చిన్నది, అంత కొద్దిమందితో అంత పెద్ద మాట చెప్పలేం అని అవతలివాళ్లు. ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నా మొగ్గు కార్డ్ వైపే, కానీ బోర్హాస్ అడిగిన ప్రశ్నను పక్కన పడేయలేను. ఎందుకంటే మొత్తం ఊరి సగటు బాగానే ఉంటుంది, దెబ్బ తగిలితే మాత్రం కొత్తవాడు చేసే పనే చేస్తున్నవాడికి తగులుతుంది. తమాషా ఏమిటంటే చాలాసార్లు ఆ మనిషి కూడా పదేళ్ల కిందట వలస వచ్చినవాడే.

ప్రశ్న: సరే, మరి వలస కూలీల్ని పూర్తిగా ఆపేస్తే స్థానికుల కూలి పెరగాలిగా?

జవాబు: పెరుగుతుందనే 1964 చివర్లో అమెరికా బ్రసేరో పథకాన్ని ఆపేసింది. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942లో, పొలాల్లో మనుషులు చాలక మెక్సికో నుంచి తాత్కాలికంగా కూలీల్ని తెచ్చుకోవడం కోసం పెట్టిన పథకం అది, యుద్ధం అయిపోయినా ఇరవై ఏళ్లు సాగింది. ఆపేశాక ఏమైందో చాలా ఏళ్ల తర్వాత ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్క తీశారు. బ్రసేరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ, అసలు లేని రాష్ట్రాల్లోనూ వ్యవసాయ కూలి దాదాపు ఒకేలా పెరిగింది. అంటే పంపేసినందువల్ల ప్రత్యేకంగా ఒరిగింది ఏమీ లేదు.

మరి పొలం పని ఎవరు చేశారు? కాలిఫోర్నియా టమాటా సంగతి చూడండి. అక్కడి విశ్వవిద్యాలయంలో జాక్ హన్నా అనే ఆయన ఏళ్ల తరబడి ఒక కొత్త రకం టమాటా కోసం తంటాలు పడుతున్నాడు: చెట్టు మీద కాయలన్నీ ఒకేసారి పండాలి, తొక్క గట్టిగా ఉండాలి, యంత్రం చెట్టును మొదలంటా కోసి గలగలా ఊపినా పండు పగలకూడదు. కోబీ లొరెంజెన్ అనే ఇంజనీరు ఆ యంత్రం తయారుచేశాడు. కూలీలు దొరుకుతున్నంత కాలం ఎక్కువమంది రైతులు దాని వంక చూడలేదు. కూలీలు ఆగిపోగానే కొన్నేళ్లలో సాస్‌కీ గుజ్జుకీ వెళ్లే టమాటా దాదాపు మొత్తం యంత్రాలే కోశాయి. యంత్రం కుదరని కొన్ని పంటలు తగ్గించేసుకున్నారు. కూలి అదనంగా ఏమీ పెరగలేదు, టమాటా తొక్క మాత్రం మందమైంది.

ప్రతి పనికీ యంత్రం దొరకదు లెండి. మంచంలో ఉన్న ముసలాయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టే పనికి ఇంకా దొరకలేదు.

ప్రశ్న: జనాభా పెరగడం మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్కలో చెప్పండి.

జవాబు: వయసెంతో చెప్పండి, అప్పుడు చెబుతాను. పాతికేళ్లవాళ్లు పెరిగితే ఒక రకం, ఐదేళ్లవాళ్లు పెరిగితే ఇంకో రకం, ఎనభై ఏళ్లవాళ్లు పెరిగితే పూర్తిగా వేరే కథ. తలలు లెక్కపెట్టి ఊరుకుంటే ఏమీ తెలియదు.

ప్రశ్న: జనాభా పెరిగితే జీడీపీ పెరుగుతుంది అంటారు. కెనడా అదే చేసింది కదా, మరి అక్కడివాళ్లు ఎందుకు అంత గగ్గోలు పెట్టారు?

జవాబు: జీడీపీ పెరిగింది, మనిషికి వచ్చే వాటా తగ్గింది, అందుకు. ఇంట్లో ఆదాయం పది శాతం పెరిగి మనుషులు పదిహేను శాతం పెరిగితే ఆ ఇల్లు బాగుపడింది అనం కదా. 2023 జూన్‌లో కెనడా జనాభా 4 కోట్లు దాటింది. ఆ ఒక్క ఏడాదిలో 3.2 శాతం పెరుగుదల, 1957 తర్వాత అంత ఎప్పుడూ లేదు, అందులో దాదాపు మొత్తం వలసల వల్లే. 3.2 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది, అదే వేగంతో పోతే పాతికేళ్లు తిరక్కముందే దేశం రెట్టింపు అవుతుంది.

మనిషి ఒక్క రోజులో విమానం దిగుతాడు. అతను ఉండే ఇల్లు అంత తొందరగా లేవదు. స్థలం కావాలి, మున్సిపాలిటీ అనుమతి కావాలి, అప్పు కావాలి, మేస్త్రీ కావాలి, ప్లంబర్ కావాలి, వాళ్లు దొరికేసరికి ఇంకో బ్యాచ్ దిగుతుంది. అద్దెలు పెరిగాయంటే అర్థం కాకపోవడానికి ఏముంది? డాక్టర్లు, బడి గదులు, బస్సులు, ఫ్యాక్టరీలో మిషన్లు అన్నీ అంతే. నిన్న పదిమందికి ఉన్నవి ఈరోజు పదకొండు మందికి సర్దాలి. కొన్నేళ్లు ఆగితే పెట్టుబడి వెనకాలే వచ్చి చేరుతుంది, కానీ అద్దె నెలనెలా కట్టాలి, కొన్నేళ్లకోసారి కాదు.

ఇందులో నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. శాశ్వత నివాసానికి ఏటా ఎంతమందిని తీసుకోవాలో కెనడాకు లక్ష్యం ఉండేది, విద్యార్థులకూ తాత్కాలిక ఉద్యోగులకూ మాత్రం అలాంటి పరిమితి లేదు, పెరుగుదలలో పెద్ద భాగం వాళ్లే. విదేశీ విద్యార్థి స్థానికుడి కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఫీజు కడతాడు. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము చాలక కాలేజీలు ఆ ఫీజుతోనే బండి లాగించాయి. కాలేజీకి ఫీజు ముట్టింది, యజమానికి చౌకగా మనిషి దొరికాడు, ఇంటి ఓనరుకు అద్దె పెరిగింది. తిట్లు మాత్రం బేస్‌మెంట్ గదిలో ఆరుగురితో సర్దుకున్న కుర్రాడికి. చివరికి 2024 జనవరిలో స్టూడెంట్ పర్మిట్ల మీద పరిమితి పెట్టారు, అదే ఏడాది అక్టోబర్‌లో 2025కి అనుకున్న 5 లక్షల శాశ్వత నివాస అనుమతుల్ని 3,95,000కి తగ్గించారు. తలుపు బార్లా తెరిచిందీ వాళ్లే, ఠక్కున మూసిందీ వాళ్లే.

ప్రశ్న: జనం తగ్గితే ఉన్నవాళ్లకు తలా కాస్త ఎక్కువ మిగలాలి. జపాన్, దక్షిణ కొరియా ఎందుకు భయపడుతున్నాయి?

జవాబు: భూమి మిగులుతుంది, ఇళ్లూ మిగులుతాయి. జపాన్‌లో 2023 లెక్కల ప్రకారం 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. కానీ ఊళ్లో సగం ఇళ్లు ఖాళీ అయితే నీళ్ల పైపు పొడవు సగం కాదు, బిల్లు కట్టేవాళ్లు మాత్రం సగమే. పెన్షన్ కూడా అలాంటి పైపే.

కొరియా లెక్క వేళ్ల మీద వేయొచ్చు. 2023లో అక్కడ ఒక్కో స్త్రీకి సగటున 0.72 పిల్లలు. అదే రేటు అలాగే ఉంటే, వంద మందిలో యాభై మంది స్త్రీలు అనుకుంటే, వాళ్లకు 36 మంది పిల్లలు, ఆ పిల్లలకు 13 మంది. తాతల తరంలో వంద, మనవల తరంలో పదమూడు. ఆ పదమూడు మందే పన్ను కట్టాలి, ఆసుపత్రిలో డ్యూటీ చేయాలి, కరెంటు తీగలు బాగు చేయాలి.

జపాన్ గురించి ఒక మాట న్యాయంగా చెప్పాలి. మొత్తం జీడీపీ నత్తనడక నడిచింది కానీ, పనిచేసే వయసున్న ఒక్కొక్కరి లెక్కన చూస్తే మిగతా సంపన్న దేశాలకు మరీ ఏమీ తీసిపోలేదు. అంటే జనం తగ్గడం రేపే కొంప మునిగే వ్యవహారం కాదు. కాకపోతే 65 దాటినవాళ్లు 29 శాతం ఉన్న దేశంలో ముసలివాళ్లను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న పోదు. అందుకే వలసలంటే గిట్టని జపాన్ కూడా 2019 ఏప్రిల్‌లో వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం లాంటి పనులకు కొత్త వీసా తెచ్చింది. వలసతో శాశ్వతంగా తీరిపోతుందా అంటే అదీ లేదు, వచ్చినవాళ్లు కూడా ముసలివాళ్లవుతారు.

ప్రశ్న: వలస వచ్చినవాళ్లు కట్టే పన్ను తక్కువ, వాడుకునేది ఎక్కువ అంటారు. నిజమేనా?

జవాబు: ఏ జేబు చూస్తున్నారన్న దాన్ని బట్టి. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2016లో దీని మీద పెద్ద నివేదిక ఇచ్చాయి. వలస వచ్చిన మొదటి తరం వల్ల రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఖర్చే, ముఖ్యంగా వాళ్ల పిల్లల బడి ఖర్చు. ఆ పిల్లలు పెద్దయ్యాక మాత్రం దేశం మొత్తం మీద ఖజానాకు ఎక్కువ కట్టేవాళ్లలో ఉంటారు. అంటే బడి గది కట్టేది ఒక జిల్లా, ఆ పిల్లవాడు ఇరవై ఏళ్లకు కట్టే పన్నులో పెద్ద వాటా పోయేది కేంద్రానికి. దేశానికి లాభం అన్నవాడూ నిజమే చెబుతున్నాడు, మా ఊరికి భారం అన్నవాడూ నిజమే చెబుతున్నాడు, ఇద్దరూ టీవీలో ఒకర్నొకరు అబద్ధాలకోరు అనుకుంటారు. కేంద్రం తన జేబులోంచి ఊరికి ఇచ్చి ఉంటే ఈ గొడవ సగం తగ్గేది.

అసలు ఖర్చే లేని మోడల్ కూడా ఉంది, గల్ఫ్. ఖతర్‌లో, యూఏఈలో ఉండేవాళ్లలో పదిలో ఎనిమిదిమందికి పైగా విదేశీయులే. పనిచేసే వయసులో వస్తారు, పని అయిపోగానే వెళ్లిపోతారు, ముసలితనం ఖర్చు పుట్టిన దేశానిది. ఖజానాకు ఇంతకంటే లాభసాటి బేరం ఉండదు. ఆ మనిషి జీవితంలో మంచి ముప్పై ఏళ్లు అక్కడ, మోకాళ్ల నొప్పులు ఇక్కడ.

ప్రశ్న: పంపే దేశాల గురించి ఎవరూ మాట్లాడరేం? నర్సుల్నీ డాక్టర్లనీ తీసుకుపోతే ఆ దేశం గతేంటి?

జవాబు: వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు వస్తుంది, అది చిన్నదేం కాదు, తజికిస్తాన్‌లో కొన్నేళ్లు అది జీడీపీలో దాదాపు సగం. నర్సుల విషయంలో ఫిలిప్పీన్స్ అనుభవం నేను అనుకున్నదానికి రివర్స్‌లో ఉంది. 2000 తర్వాత అమెరికా నర్సుల వీసాలు పెంచితే అక్కడ నర్సింగ్ కాలేజీలు పుట్టుకొచ్చాయి, వెళ్లినవాళ్ల కంటే కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లే చాలా ఎక్కువ. అయితే కాలేజీలు అంత వేగంగా పెట్టగల దేశానికే ఆ లాభం. ఉన్న నలుగురు డాక్టర్లలో ఇద్దరు పోయే దేశానికి ఈ కథ చెప్పి ఓదార్చలేం.

ప్రశ్న: తిప్పి తిప్పి చెప్పకండి. మీరు వలసలకు అనుకూలమా, వ్యతిరేకమా?

జవాబు: అనుకూలమే. రెండు షరతులు. వచ్చే వేగం ఇళ్లు కట్టే వేగాన్ని మరీ దాటిపోకూడదు, ఇది కెనడా గురించి చెప్పినప్పుడే అయింది. రెండోది ఎవరూ పెద్దగా పట్టించుకోరు: వచ్చినవాడికి యజమానిని మార్చుకునే హక్కు సులువుగా ఉండాలి.

బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు, అంటే ముసలివాళ్లనీ జబ్బుపడ్డవాళ్లనీ చూసుకునేవాళ్లకు, వీసా దారి తెరిచింది. చాలామంది ఏజెంట్లకు అప్పు చేసి డబ్బు కట్టి వెళ్లారు. వెళ్లాక కొందరికి చెప్పినన్ని గంటల పని లేదు, కొన్ని కంపెనీలకు విదేశీయుల్ని పెట్టుకునే లైసెన్సే రద్దయింది, అలాంటప్పుడు మామూలుగా అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీ పడే యజమానిని, వెతుక్కోవాలి, లేదంటే తిరుగు ప్రయాణం. మెడ మీద ఆ గడువు వేలాడుతుంటే ఓవర్‌టైమ్ డబ్బు ఇవ్వలేదని ఎవరడుగుతారు? ఇప్పుడు అదే వార్డులో, అదే షిఫ్టులో పనిచేసే స్థానికురాలు జీతం పెంచమని మేనేజర్ గదిలోకి వెళ్లిందనుకోండి. ఆయన జవాబు చెప్పక్కర్లేదు, కిటికీలోంచి ఏమీ అడగలేని ఆ వలస మనిషి వైపు ఒకసారి చూస్తే చాలు.