చార్జి అనే మాట దగ్గర ఆగు బిడ్డా

బిడ్డా,

మొన్న మీ బాపు ఫోన్ చేశాడు. హన్మకొండలో ఉద్యోగం మానేసి ఊళ్లో బస్టాండు పక్కన షట్టర్ కిరాయికి తీసుకున్నావట. కంప్యూటర్ పెట్టుకుని దరఖాస్తులు నింపుతావట, జనానికి ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్తావట. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల ఊరికి అక్కరకొచ్చే పని పెట్టుకుందని సంతోషం. అదే పని పోస్టాఫీసు అరుగు మీద ముప్పై ఏళ్లు చేశాను కాబట్టి భయం.

ఇన్వర్టర్ పెట్టుకో. రేట్లు తెలుగులో బోర్డు మీద రాసిపెట్టు. ఎవరి ఓటీపీ వాళ్లనే నొక్కమను. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

నేను చెప్పాలనుకున్నది ఒక్క మాట గురించి. చార్జి.

రోజూ మన నోట్లో నానే మాటే. పరకాల బస్సు చార్జి పెరిగిందంటాం, ఫోన్‌కు చార్జింగ్ లేదంటాం. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మితే తక్‌పట్టీలో హమాలీ చార్జి ఉంటుంది. కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ చార్జి వేరు, ఎనర్జీ చార్జి వేరు. కేసయితే చార్జిషీటు. నేను పోస్టాఫీసులో చేరిన రోజు రాసింది చార్జి రిపోర్టు. 69 ఉద్యమంలో కాలేజీ పిల్లలకైతే చార్జి అంటే లాఠీయే.

1979 వానాకాలం. బ్రాంచి పోస్టుమాస్టరుగా చేరి రెండేళ్లయింది. ఎదురింటి కాకకు నాగలి కర్రు దిగి అరికాలు పుండయింది. ఆయనకు షుగర్ ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. టౌన్‌లో డాక్టరుకు చూపించుకుని వచ్చారు. ఆ జనంలో డాక్టరు ఏం చెప్పాడో వాళ్లకు సరిగా వినబడలేదు. చేతికి చీటీ మాత్రం వచ్చింది. సాయంత్రం చిన్నమ్మ ఆ చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చెంగులో నాలుగు మక్క కంకులు తెచ్చి బల్ల మీద పెట్టింది.

చీటీ సగం గీతలే. నడుమ రెండు మాటలు మాత్రం తేటగా ఉన్నాయి, ఫౌల్ డిశ్చార్జి అని. ఫౌల్ నాకు వాలీబాల్ ఆటలో తెలుసు. డిశ్చార్జి అంతకు ముందు ఏడాదే విన్నాను, మా అవ్వను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపినప్పుడు. కింది వరస చదవరాలేదు. చదవరాలేదని చెప్పలేదు. అరుగు మీద ఐదారుగురు కూర్చుని నా ముఖమే చూస్తున్నారు. "డిశ్చార్జి అని రాసిండు చిన్నమ్మా, ఇగ దవాఖానకు పోయే పని లేదు. కట్టు మార్చుకుంటే సాలు" అన్నాను. కట్టు సంగతి చీటీలో లేనే లేదు. నేనే కలిపాను.

పదో రోజుకు కాలు నల్లబడింది. పెద్దాసుపత్రిలో మోకాలి కిందికి తీసేశారు. అక్కడి డాక్టరు ఆ చీటీ చూసి చదివి చెప్పాడు. పుండులోంచి చెడువాసనతో చీము కారుతోంది, వెంటనే పెద్దాసుపత్రిలో చేర్చండి అని ఉందట. తెలియని మాటైతే ఎవరినో ఒకరిని అడిగేవాణ్ని. తెలిసిన మాట కాబట్టే అడగలేదు.

కాక ఇంకా పద్దెనిమిదేళ్లు బతికాడు. చంకకర్రల మీద పోస్టాఫీసు ముందు నుంచే నడిచేవాడు. ఒకరోజు ఆయన ముందు కూర్చుని ఏడ్చాను. "నువ్వు సదువుకున్నోనివి, నీ మాట ఇన్నం. కావాలని చేసినవా" అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ కంకులు ఆ రాత్రే కాల్చుకుని తిన్నాను బిడ్డా.

ఆ తర్వాతే హన్మకొండ చౌరస్తాలో డిక్షనరీ కొన్నాను. చార్జి మాటకు మూలం లాటిన్‌లో బండి. కారు కూడా దాని నుంచే వచ్చింది. బండికి బరువెత్తడమే మొదటి అర్థం. తర్వాత తుపాకీలో మందు కూరడమూ చార్జే అయింది. 1740లలో ఫ్రాంక్లిన్ సీసాల్లో కరెంటు నింపడానికి అదే మాట వాడాడు. డబ్బు బరువు, నేరం బరువు, బాధ్యత బరువు అన్నీ అందులోకే వచ్చాయి. డిశ్చార్జి అంటే ఆ బరువు దించడం. ఆసుపత్రి రోగిని పంపేస్తుంది, పుండు చీమును పంపేస్తుంది. కాకతీయ కాలువకు వదిలే నీళ్లకూ పేపర్లో అదే మాట, ఇన్ని క్యూసెక్కులని. క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్ల పైమాట.

కాబట్టి ఆ మాట కనబడగానే కాగితం కింద పెట్టి చూడు. ఏ బరువు, ఎవరి మీద, ఎత్తుతున్నారా దించుతున్నారా? భూమి మీద చార్జి ఉందని రాస్తే ఆ భూమి ఏదో బాకీకి పూచీగా ఉందన్నమాట. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 100 దాని గురించే. అప్పు కట్టేశాక ఆ చార్జి తీసేసినట్టు కాగితం తెచ్చుకున్నారా అని రైతును తప్పకుండా అడుగు. కొడుకు మీద చార్జిషీటు వేశారని ఒక తల్లి ఏడుస్తూ వస్తే, అది పోలీసులు చెప్పే మాటే, శిక్ష కాదని ముందు చెప్పి కూర్చోబెట్టు. కోర్టులో డిశ్చార్జి అయితే విచారణ మొదలు కాకముందే వదిలేశారని. విచారణ జరిగి నిర్దోషి అనడం వేరు.

ఆసుపత్రి కాగితం మాత్రం ఒక్కదానివే చదివి చెప్పకు. ఫోన్‌తో ఫొటో తీస్తే తెలుగు వస్తుందంటావు. అది కూడా నాలాగే తెలిసిన అర్థం ఒకటి పట్టుకుని ముందుకు పోవచ్చు. రాసిన డాక్టరుకు ఫోన్ చెయ్యి, లేదంటే ఏఎన్ఎమ్‌కు చూపించు. నాకు చదవరావడం లేదని పదిమందిలో గట్టిగా చెప్పు. మొదటిసారి గొంతు పట్టేస్తుంది. చెప్పు.

మధ్యాహ్నం తినకుండా పని చేస్తావని మీ అవ్వ అంటోంది. నాకు కోపం వచ్చింది. ఆకలితో, తలనొప్పితో చూసే కళ్లకు అక్షరాలు సరిగా ఆనవు. ఒంటి గంటకు షట్టర్ సగం దించి తిను. చిన్నప్పుడు నా అరుగు మీద ముద్దలు తిన్నదానివి, ఇప్పుడు కూడా నేనే వచ్చి తినిపించాలా?

ఆదివారం వస్తున్నా. డిక్షనరీ తెస్తా, అట్ట ఊడింది, అతికించుకో. ఎవరైనా కంకులో, కూరగాయలో తెచ్చి బల్ల మీద పెడితే వద్దనకు, బాధపడతారు. కాగితం మొత్తం అర్థమయ్యాకే తీసుకో.

మీ పెద్దబాపు