మటన్ దమ్ బిర్యానీలో అన్నం ముద్ద, ముక్క గట్టి, అడుగు మాడు: తప్పు మసాలాది కాదు

హైదరాబాదీ పద్ధతిలో పచ్చి మటన్ పెట్టి దమ్ వేస్తే పైన అన్నం ముద్దయిపోతోంది, కింద ముక్క ఉడకట్లేదు, అడుగు మాత్రం మాడుతోంది, మసాలా ఏమైనా మార్చాలా అని అడిగారు. మసాలా జోలికి పోకండి. ఈ మూడూ ఒకే గిన్నెలో సాధించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

హైదరాబాద్ టోలీచౌకీలో అద్దెకుండే రోజులవి. కరీంనగర్ నుంచి అమ్మా, చెల్లెలూ, బావగారూ వస్తున్నారని కిలో మటన్‌తో నేనే దిగాను. రాత్రే మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున తీసి, తీసినట్టే గిన్నెలో పరిచి, పైన అన్నం వేసి, సన్న మంట మీద గంట ఉంచాను. మూత తీశాక అమ్మ గరిటెతో కెలికి చూసి, "గిదేం బిర్యానీ బిడ్డా, పైన గటక, కింద తోలు" అంది. ముక్కలన్నీ ఏరి కుక్కర్లో వేసి విజిల్స్ వేయించాం. బావగారు మర్యాదకి రెండోసారి కూడా వడ్డించుకున్నారు. అది ఇంకా బాధ.

మర్నాడు మా ఆవిడ ఆ గిన్నె తోమలేక అవస్థ పడుతుంటే పైఅంతస్తు ఓనరమ్మ చూసింది. ఆవిణ్ణి అందరం ఖాలా (పిన్ని) అనేవాళ్లం. మసాలా గురించి ఒక్క ముక్క అడగలేదు. "గోష్ ఫ్రిజ్ మేసే కబ్ నికాలే?" (మాంసం ఫ్రిజ్‌లోంచి ఎప్పుడు తీశావ్?) అంది. అప్పుడే తీశానన్నాను. తల కొట్టుకుంది.

విషయం ఇదీ. ఉడికిన మటన్‌తో చేసే పక్కీ బిర్యానీలో ఈ గొడవ లేదు. కచ్చీలో ముక్క పచ్చిది, అన్నం సగం ఉడికింది. రెండూ ఒకే నిమిషానికి దిగాలి. మంచులాంటి మాంసం ముందు వేడెక్కడానికే పావుగంట తింటుంది. ఈలోగా పైనున్న వేడి అన్నం తన ఆవిరికి తనే మెత్తబడుతుంటుంది. ఇంకా ఉడకలేదని మనం మంట మీదే ఉంచుతాం, అడుగున ఉన్న పెరుగూ ఉల్లిపాయా మాడతాయి. కాబట్టి పొయ్యెక్కించడానికి గంట ముందే మటన్ బయట పెట్టండి.

రెండో తప్పు అన్నంలో ఉంటుంది. ఖాలా భాషలో "కనీ" అంటే మెతుకు నడుమ మిగిలే పలుకు. బియ్యం అరగంట నానబెట్టి, కిలోకి అయిదు లీటర్ల దాకా నీళ్లు మరిగించి, అందులో సముద్రపు నీళ్లంత ఉప్పు వేసి (భయపడకండి, వార్చేస్తాం కదా), షాజీరా, యాలకులు, లవంగాలు వేసి బియ్యం వదలండి. మళ్లీ మరుగు అందుకున్న మూడు నిమిషాల నుంచి చూస్తూ ఉండండి. ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కితే మూడు ముక్కలుగా విరిగి, మధ్యలో తెల్లటి చుక్క గట్టిగా తగలాలి. అప్పుడే సగం అన్నం జల్లిగరిటెతో తీసి మాంసం మీద పరిచేయాలి. మిగతా సగం ఇంకో రెండు నిమిషాలు ఉడికాక పై పొరగా వేయాలి. కింది పొరకి మాంసం తడి తగులుతుంది, పై పొరకి ఆవిరి తప్ప ఏమీ లేదు. నేను మొత్తం ఒకేసారి, దాదాపు పూర్తిగా ఉడికించి వేశాను. గటక కాక ఏమవుతుంది?

బస్తా మీద కనిపించే 1121 ఒక బాస్మతి బియ్యం రకం పేరు, నాణ్యత మార్కు కాదు. అదే రకం సెల్లాలోనూ (అంటే ఉప్పుడు బియ్యంగానూ) దొరుకుతుంది. సెల్లా అయితే గంట నానాలి, ఉడకడానికీ ఎక్కువసేపు పడుతుంది. గడియారాన్ని కాకుండా మెతుకుని నమ్మండి.

మటన్‌కి ముదురు జంతువుది వద్దు. తొడ, దస్తీ (ముందుకాలి మాంసం) కలిపి, కొంచెం పెద్ద ముక్కలుగా కొట్టించుకోండి. కడిగాక నీళ్లు పూర్తిగా ఓడ్చాలి. కిలోకి పావు కిలో గట్టి పెరుగు, నాలుగు పెద్ద ఉల్లిపాయలు ఎర్రగా వేయించి నలిపినవి, ఆ వేయించిన నూనె, మూడు చెంచాల అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, గరం మసాలా, పచ్చిమిర్చి, గుప్పెళ్లకొద్దీ పుదీనా కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు. టమాటా వెయ్యరు. వేస్తే కూర రుచి వస్తుంది, నీరూ ఊరుతుంది. పచ్చి బొప్పాయి తొక్కతో సహా నూరి రెండు చెంచాలు కలిపితే అందులోని పపైన్ అనే ఎంజైమ్ ముక్కని మెత్తబరుస్తుంది. అయితే బొప్పాయి వేసి రాత్రంతా ఉంచకండి, ముక్క పైపైన పిండిలా అయిపోతుంది. మూడు నాలుగు గంటలు చాలు. రాత్రంతా నానబెట్టేట్టయితే బొప్పాయి పొద్దున కలపండి.

ఇక మంట. పాలల్లో నానబెట్టిన కుంకుమపువ్వు, నెయ్యి, మిగిలిన వేయించిన ఉల్లిపాయలు పైన చల్లి, గోధుమపిండి ముద్దతో మూత అంచు మూసేశాక, మొదటే సన్న మంట పెట్టకూడదు. నేను చేసిన మూడో తప్పు ఇదే. దళసరి గిన్నెని నేరుగా పెద్ద మంట మీద ఎనిమిది, పది నిమిషాలు ఉంచాలి. అడుగున మాంసం కుతకుతలాడాలి. పిండి అంచున ఎక్కడో ఒకచోట ఆవిరి సన్నగా తన్నుకొస్తుంది, అప్పుడు గిన్నె కింద ఇనప పెనం పెట్టి మంట బాగా తగ్గించి నలభై నిమిషాలు వదిలేయాలి.

మూత తీసి చూడలేం కదా, మరి తెలిసేదెలా? చెవితో. ఖాలా గిన్నెకి జానెడు దూరంలో చెవి పెట్టి వినేది. తడి ఉన్నంతసేపూ లోపల బుడబుడమంటుంది. అది తగ్గి, నూనెలో ఆవాలు వేసినట్టు సన్నగా చిటపట మొదలైతే నీరు ఇగిరిపోయి నూనె తేలిందన్నమాట. అది వినగానే కట్టేయాలి, ఇంకో అయిదు నిమిషాలంటే మాడు. నలభై నిమిషాలైనా బుడబుడ గట్టిగా ఉంటే ఇంకాస్త ఉంచండి. నాకు ఈ చప్పుడు పట్టుబడటానికి నాలుగైదు బిర్యానీలు పట్టింది. ఇంట్లో టీవీ కట్టేయమంటే నవ్వేవాళ్లు.

కట్టేశాక పావుగంట కదపొద్దు. తర్వాత పిండి పగలగొట్టి, గరిటెతో కలపకుండా, సాసర్‌ని గిన్నె అంచు వెంబడి నిలువుగా అడుగు దాకా దించి పైకి లాగండి. తెల్ల మెతుకూ, పసుపు మెతుకూ, మసాలా అంటిన మెతుకూ, ముక్కా కలిసి వస్తాయి.

మొదటిసారే కిలో మటన్‌తో సాహసం వద్దనుకుంటే అరకిలో చికెన్‌తో ఇదే పద్ధతి చేసి చూడండి. బొప్పాయి అక్కర్లేదు, రెండు గంటలు నానితే సరిపోతుంది, పెనం మీద పాతిక నిమిషాలు. చప్పుడు మాత్రం అదే.